మూడు రేకుముక్కలు

దుకాణం మూసే యాళ్లకు వచ్చింది మోజా టీచరు,
దిండు గలీబుల చుట్టిన దూరదర్శినితోని.
బడిపిల్లలు ముందటి మూత తిప్పితే
అద్దాలు రెండూ ఊడి ఒళ్లె పడ్డయట.
కళ్లజోళ్లు బిగిస్తవు గదా, దీని కన్ను బిగించవా –
నాకొచ్చిన పావుసేరు అరబ్బీల
అంతే అర్థమైంది.

సూర్‌ల ఏడేండ్లాయె.
ప్లస్ రెండు, మైనస్ మూడుంబావు,
పేపరు చదివేటందుకు, లారీ నడిపేటందుకు.
చందమామంత దూరం
ఇప్పటిదాంక ఎవ్వరూ అడగలే.

రూముల కింది మంచం నాది.
పరుపు మడిచి, చెక్క మీద తెల్ల బనీను పరిచి
ఏసీ బంద్ చేసిన, దుమ్ము లేస్తదని.
పై మంచం లింబాద్రి తిట్టుకుంటనే దిగి
తలుపు సందుల తడిగుడ్డ కుక్కిండు.
ఆగస్టు నెల. అద్దం మీద చెమట రాలకుండ
నుదుటికి తువ్వాల కట్టుకున్న,
పెండ్లికొడుకు బాసింగం లెక్క.

ఒక అద్దం ఉబ్బు, ఒకటి గుంట.
ఉబ్బుది తేలిక, గుంటది బరువు.
అంచుకు బూజు,
సాలెపురుగు పిల్ల అల్లుడు నేర్చుకున్నట్టు.
బ్యాటరీల పోసే నీళ్లు, గిన్నెల సబ్బు ఒక్క బొట్టు.
దూది దాని బరువుకు అదే జారాలె.
నొక్కితే గీత.

రెండిటి నడుమ మూడు రేకుముక్కలుండాలె,
గోరుల సగం.
రెండే ఉన్నయి.
మూడోది ఏ పిల్ల జడల ఇరికిందో.
అద్దాలు తాకొద్దు, ఎడం కావొద్దు,
నడుమ ఇంతే గాలి ఉండాలె.
ఆ గాలి కూడా ఒక అద్దమేనని
ఆ రాత్రి తెలిసింది.

లింబాద్రి బీపీ గోలీల రేకు చింపి ఇచ్చిండు.
మందమైంది.
సిగరెట్ డబ్బ రేకుకు కాగితం ఊడదీస్తే
సరిగ్గ కుదిరింది.
పొగ మానేసి ఏడాదైనోని దగ్గర
డబ్బ ఎక్కడిదని నేనడగలే.

బిగించి డాబా ఎక్కి చూస్తే
వీధి లైటు పులిసిన పిండి లెక్క పొంగింది.
దిగిన. విప్పిన. గుంటదాన్ని తిరగేసిన.
ఇంకా ఘోరం.
మళ్ల విప్పితే అప్పుడు కనబడ్డది –
అంచు మీద పెన్సిలు గీత, బాణం మొన,
సగం ఈ అద్దానికి, సగం ఆ అద్దానికి.
ఏ దేశపు ఫ్యాక్టరీల ఎవరు గీసిండ్రో,
తిండి గంట కొట్టకముందో, కొట్టినంకనో.
మొనకు మొన కలిపిన.

పరీక్షకు చుక్క కావాలె.
మీదంతా తేమ, మీగడ కట్టిన మొగులు.
లింబాద్రి పడవ మోటార్ల షెడ్డు నుంచి తెచ్చిన
బేరింగు గుండు జేబులేసుకొని
రెండు గల్లీల అవతల బేకరీ డాబా ఎక్కిండు.
ఫోను లైటు పడంగనే
గుండుల ఆవగింజంత వెలుగు.
"కనబడుతున్ననా?"
"నువ్వు కనబడవు. చుక్క ఉన్నది."
"నేను పట్టుకుంటెనే గదరా చుక్క."
"కదలకు."

నడిమిట్ల బొట్టు, బొట్టు చుట్టు వలయం,
దాని చుట్టు ఇంకోటి.
ఫోకసు లోపటికి జరిపినా, బయటికి జరిపినా
అదే గుండ్రం.
అయిపోయింది రా, అని చెప్పాలె.
చెప్పలే.
"చెయ్యి గుంజుతుందిరా."
"ఇంకొక్క నిమిషం."
అబద్ధం.

వాడొచ్చేసరికి పొద్దుగాల బాంగు అయింది.
మొగులు పక్కకు జరిగింది.
నమాజుకు పోయే ఎదురింటి ముసలాయన ఆగి
నీళ్ల ట్యాంకుల మీదుగ దక్షిణం దిక్కు వేలు చూపి
"సుహైల్" అన్నడు. ఇగ ఎండలు తగ్గుతయని.
మా దిక్కు అగస్త్యుడంటరు, అనబోయిన.
ఆయనకెట్ల చెప్పాలె?

లింబాద్రి కన్ను ఆనించిండు.
చానసేపు పలకలే.
తరువాత భుజం ఒత్తుకుంట అన్నడు:
"దీన్నెవడు పట్టుకున్నడో గని,
వాని చెయ్యి గూడ వణుకుతుందిరా."